పాత అంబాసిడర్‌తో ఘాటు ఎక్కడం: పోయిన హార్స్‌పవర్‌ను వరసగా రాబట్టుకునే పద్ధతి

సాలూరు దాటి సుంకి ఘాటు మొదలైందంటే పాత అంబాసిడర్ నడిపే ప్రతివాడికీ ఒకటే అనుమానం: ఇంజిన్ పనైపోయిందా, ఇంకా ఏమైనా మిగిలిందా? వెనకాల లారీ హారన్ కొడుతూ ఉంటుంది. మూడో గేరులో బండి వణుకుతుంది. రెండోది వేస్తే ఇంజిన్ అరుస్తుందే గానీ బండి ముందుకు పోదు. ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో నాన్నగారి కాలం నాటి అంబాసిడర్లు ఇంకా షెడ్డుల్లో ఉన్నాయి. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో మూతపడింది కాబట్టి కొత్తది కొనే మాటే లేదు. ఉన్నదాన్నే లాగేలా చేసుకోవాలి.

చాలామంది ముందు అడిగేది పెద్ద కార్బొరేటరు, హెడ్డు (సిలిండర్ల పైమూత) కోత, ఇంజిన్ మార్పిడి. నా అభిప్రాయం వేరు. నలభై ఏళ్ల ఇంజిన్‌కి కొత్తగా గుర్రాలు కలపడం కన్నా తప్పించుకుపోయినవాటిని వెనక్కి తోలుకురావడం చవక, పైగా లాభం కూడా దాంట్లోనే ఎక్కువ. అందుకే ఈ వ్యాసం ఒక వరసలో నడుస్తుంది. వరస తప్పిస్తే డబ్బు వృథా.

ఇక్కడ చెప్పేదంతా 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్ గురించి. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్, బోరు (సిలిండర్ వ్యాసం) 73.025 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9 మి.మీ. కొత్తలో దీని పవరు 50–55 హార్స్‌పవర్ మధ్య. ఫియట్, పాత జీపు ఉన్నవాళ్లకి కూడా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం వాళ్ల మాన్యువల్లోవి తీసుకోవాలి.

ముందు ఘాటు లెక్క

అసలు ఎంత పవరు కావాలి? బండి బరువు సుమారు 1,100 కిలోలు, నలుగురు మనుషులు ఇంకో 300. వంద మీటర్లకి ఆరు మీటర్లు లేచే ఎక్కుడు అనుకోండి. గంటకి 40 కి.మీ. వేగంతో ఎక్కాలంటే ఆ బరువుని పైకి లేపడానికి 12 హార్స్‌పవర్ చాలు. టైర్ల ఒరిపిడికి మూడు, గాలికి ఒకటి వేసుకోండి. మొత్తం 16–17. అదే 60 మీద ఎక్కాలంటే 26–27 దాకా కావాలి.

మూడో గేరులో 40 మీద ఇంజిన్ సుమారు 2,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అక్కడ చక్రాల దగ్గరికి ఇరవై పైచిలుకు హార్స్‌పవర్ అందించగలదు. అంటే ఇలాంటి ఎక్కుడు మీద మూడో గేరులో 40 నిలబడకపోతే మీ బండి తన సొంత పవరులో పావు వంతుకు పైగా ఎక్కడో పారేసుకుందన్నమాట. ఇంకో సంగతి: మనకి కావలసింది 4,200 ఆర్‌పీఎం దగ్గరి గరిష్ఠ అంకె కాదు, 2,000–3,000 మధ్య లాగుడు. రేసు బళ్ల కోసం చెప్పే చిట్కాలు చాలావరకు పైన పవరు పెంచి ఈ మధ్య లాగుడుని తగ్గిస్తాయి. ఘాటు మీద అలాంటివి పనికిరావు.

ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోరాపుట్ పట్నం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి టర్బో లేని ఏ ఇంజినైనా 8–10 శాతం పవరు కోల్పోతుంది. బరంపురంలో చక్కగా లాగిన బండి సునాబెడలో కాస్త నీరసంగా ఉంటే అది జబ్బు కాదు.

మొదటి అడుగు: స్పానర్ పట్టకముందే కొలవండి

మీకు దగ్గర్లో ఒకే తీరుగా లేచే ఎక్కుడు ముక్క ఒకటి ఎంచుకోండి. బళ్లు తక్కువుండే తెల్లవారుజాము మంచిది. ఇంజిన్ బాగా వేడెక్కాక మూడో గేరులో 30 నుంచి మొదలుపెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, 50 అందుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కనున్నవాళ్లతో ఫోన్లో చూడమనండి. ఒకసారి చాలదు, కొన్నిసార్లు చేసి సగటు రాసుకోండి. ప్రతి పని తర్వాత అదే చోట, అంతే బరువుతో మళ్లీ చూడాలి. మనసుకి “పికప్ పెరిగినట్టుంది” అనిపించడం కొలత కాదు. కొత్త సైలెన్సర్ శబ్దం గట్టిగా ఉంటే చాలు, ఎవరికైనా అలా అనిపిస్తుంది.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు తీసేసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ నొక్కకుండా చూసి “కంప్రెషన్ లేదు, బోరింగ్ చెయ్యాలి” అని, అంటే సిలిండర్లు కోసి పెద్దవి చెయ్యాలని, తేల్చేసేవాళ్లున్నారు, జాగ్రత్త. 7.2 కంప్రెషన్ నిష్పత్తి (గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పే అంకె) ఉన్న ఇంజిన్‌కి సముద్రమట్టం దగ్గర 120–130 పీఎస్‌ఐ, 8.3 ఉన్నదానికి 150–160 ఉండొచ్చు. కోరాపుట్‌లో ఇందులో పదో వంతు తగ్గించుకోండి. అయితే అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తేడా పది శాతం దాటితే అనుమానించాలి.

తక్కువ చూపించిన సిలిండర్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగాయి. పెరగకపోతే వాల్వు కారుతోంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిందని అర్థం.

గేజి లేకపోయినా పొగ కొంత చెబుతుంది, అందుకు మన రోడ్లు బాగా పనికొస్తాయి. కోరాపుట్ నుంచి జయపురం వైపు ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి గేరులో దిగి, కింద మళ్లీ నొక్కగానే గుప్పున నీలం పొగ వస్తే వాల్వు గైడ్లు అరిగాయి. ఎక్కేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తూ ఉంటే రింగులు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్ల ఆవిరి ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయి.

వాక్యూమ్ గేజి (ఇంజిన్ గాలి పీల్చే బలాన్ని చూపించేది) దొరికితే ఇంకా మంచిది. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు) సముద్రమట్టం దగ్గర 17–21 అంగుళాలు (పాదరసం కొలత) చూపించాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఒక అంగుళం తగ్గుతుంది. కోరాపుట్, సునాబెడ వాళ్లు మూడు అంగుళాలు తక్కువ చూసి కంగారుపడక్కర్లేదు. ముల్లు ఒక లయలో టక్కుటక్కున పడుతుంటే ఒక వాల్వు పట్టడం లేదు.

రెండో అడుగు: ఇంజిన్ బయట పోతున్న పవరు

ఇది అందరూ వదిలేసే అడుగు. ఓ పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆగి, నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికన్నా కాలుతుంటే ఆ బ్రేకు పట్టేసి ఉంది. జాకీ వేసి చక్రం చేత్తో తిప్పితే తేలిపోతుంది. వానాకాలమంతా షెడ్డులో ఉన్న బండికి హ్యాండ్ బ్రేకు కేబుల్ తుప్పు పట్టి వదలకపోవడం మామూలే.

క్లచ్ జారుతోందా? హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఎన్ని గుర్రాలు పెంచినా చక్రం దాకా రావు. ఎదురుగా మనుషులు లేకుండా చూసుకుని ఒక్కసారే చెయ్యండి, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా పోతుంది. టైర్ల గాలి, వీల్ అలైన్‌మెంట్, గేర్ బాక్సు ఆయిలు కూడా ఇప్పుడే చూసేసుకోండి.

యాక్సిలరేటర్ సంగతి మరీ విచిత్రం. ఒకరిని పెడల్ పూర్తిగా నొక్కమని, బానెట్ ఎత్తి కార్బొరేటర్ దగ్గర చూడండి. లింకులు అరిగిపోయి థ్రాటిల్ ముప్పాతిక వంతే తెరుచుకునే బళ్లు చాలా ఉంటాయి.

మూడో అడుగు: టాపెట్లు

టాపెట్లు పెట్టడం అంటే వాల్వుకీ దాన్ని తెరిచే రాకర్ ఆర్మ్‌కీ మధ్య సన్నని గ్యాపు సర్దడం. గ్యారేజీలో వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది.

“మిస్త్రి గారూ, టాపెట్ చప్పుడు ఎక్కువగా వస్తోందండీ.”

“టైట్ చేసేస్తాను బాబూ, సైలెంట్ అయిపోద్ది.”

సైలెంట్ అవుతుంది, పవరు కూడా పోతుంది. గ్యాపు చాలకపోతే ఇంజిన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలుతుంది. ఈ ఇంజిన్‌కి సాధారణంగా చెప్పే గ్యాపు 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. వేడి మీద పెట్టాలా చల్లగా పెట్టాలా అన్నది మీ మోడల్ మాన్యువల్ ప్రకారం.

పెట్టే పద్ధతికి తొమ్మిది లెక్క గుర్తుంచుకుంటే చాలు. ముందు నుంచి వెనక్కి వాల్వులకి 1 నుంచి 8 దాకా అంకెలు వేసుకోండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో ఆ అంకెని తొమ్మిదిలోంచి తీసేస్తే వచ్చిన వాల్వుని సర్దాలి. 8 తెరిచి ఉంటే 1. 6 తెరిచి ఉంటే 3. ప్లగ్గులు విప్పి ఉంచితే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉంది. రాకర్ ఆర్మ్ కొన వాల్వు కాడకి తగిలే చోట ఏళ్ల తరబడి అరిగి చిన్న గుంట పడుతుంది. వేలి గోటితో రాస్తే తెలుస్తుంది. ఫీలర్ గేజి (గ్యాపు కొలిచే సాధనం) రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. రేకు సరిగ్గా పట్టినట్టే ఉంటుంది గానీ అసలు గ్యాపు ఇంకా ఎక్కువ. టాపెట్లు ఎన్నిసార్లు పెట్టినా చప్పుడు పోకపోవడానికి కారణం ఇదే. అలాంటప్పుడు రాకర్ కొనని గ్రైండింగ్ చేయించాలి లేదా మార్చాలి. రేకు సన్నది వేసి బిగించడం దీనికి మందు కాదు.

ఇంకో మాట. మన దేశమంతా సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి ఆగిపోయింది. అంతకుముందు ఆ సీసమే ఎగ్జాస్ట్ వాల్వు సీటుకి (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు) కవచంలా పనిచేసేది. గట్టి సీట్లు వేయించని పాత హెడ్డుతో నిత్యం ఘాట్లు ఎక్కితే సీటు అరిగి వాల్వు లోపలికి కూరుకుపోతుంది, దాంతో గ్యాపు దానంతటదే తగ్గిపోతుంది. టాపెట్ చప్పుడు తనకు తానే తగ్గిందంటే సంతోషించకండి. ఎగ్జాస్ట్ వాల్వు గ్యాపులు మాటిమాటికీ మూసుకుపోతుంటే హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకోవాల్సిందే.

నాలుగో అడుగు: నిప్పు

పోయిన గుర్రాల్లో ఎక్కువ ఇక్కడే దొరుకుతాయి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా నిప్పు పంచేది) మూత తీసి పాయింట్లు (కరెంటుని కలిపి విడదీసే లోహపు ముక్కలు) చూడండి. రెండు ముఖాలూ బూడిద రంగులో చదునుగా ఉండాలి. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు గుంట పడి ఉంటే కండెన్సర్ సరిపోవడం లేదు. దాన్ని మార్చకుండా పాయింట్లని ఆకురాయితో రాసి వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే కథ. గ్యాపు 0.014–0.016 అంగుళం. ప్లగ్గు గ్యాపు 0.025.

తర్వాత డిస్ట్రిబ్యూటర్ షాఫ్టుని వేళ్లతో పట్టుకుని పక్కలకి కదిపి చూడండి. ఆట ఉంటే బుష్ అరిగింది. అలాంటప్పుడు పాయింట్ గ్యాపు ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా మారిపోతుంది, టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే వేళ) కూడా దానితోపాటే. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసుకుంటే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కొత్త పాయింట్లు, మంచి బుష్, సరైన గ్యాపు ఉన్న సెట్టుతో పోలిస్తే కిట్ వల్ల అదనంగా వచ్చే పవరు దాదాపు శూన్యం. కాకపోతే ఆ సెట్టింగు వేల కిలోమీటర్లు చెదరకుండా ఉంటుంది, అందుకే నేను కిట్‌కే ఓటేస్తాను. పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ మాత్రం డిక్కీలో పడేసి ఉంచండి. లక్ష్మీపూర్ దాటాక అడవిలో కిట్ మొరాయిస్తే ఊళ్లో మిస్త్రి బాగుచేయగలిగేది పాయింట్లనే.

అడ్వాన్స్, అంటే ఇంజిన్ వేగాన్ని, భారాన్ని బట్టి నిప్పుని ముందుకి జరపడం, రెండు రకాలు. మొదటిది బరువులు, స్ప్రింగులతో పనిచేసేది: రోటర్‌ని చేత్తో తిరిగే దిశలో కాస్త తిప్పి వదిలితే వెంటనే వెనక్కి లాక్కోవాలి. బద్ధకంగా వచ్చినా, రాకపోయినా లోపల గ్రీజు ఎండి బిగుసుకుపోయింది. విప్పి కిరోసిన్‌తో కడిగి రెండు చుక్కల నూనె వెయ్యండి. రెండోది వాక్యూమ్ అడ్వాన్స్: దాని సన్న పైపు నోట్లో పెట్టి పీల్చి నాలుకతో మూయండి. ప్లేటు కదిలి అలాగే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది. అది చిరిగితే పవరు కన్నా మైలేజీ ఎక్కువ పోతుంది.

ఇక టైమింగ్. ముందు కంపెనీ గుర్తు ప్రకారం పెట్టండి. తర్వాత రోడ్డు మీద చూసుకోవాలి: మీ ఎక్కుడు ముక్క మీదే మూడో గేరులో 30 నుంచి పూర్తిగా నొక్కితే క్షణకాలం సన్నగా టిక్‌టిక్‌మని నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలే చప్పుడు) వినిపించి మాయమవ్వాలి. అసలు రాకపోతే రెండు డిగ్రీలు ముందుకి జరిపి మళ్లీ చూడండి. ఆగకుండా వస్తుంటే రెండు డిగ్రీలు వెనక్కి. ఇప్పుడు వచ్చే ఇథనాల్ పెట్రోలుకి ఆక్టేన్ ఎక్కువ కాబట్టి పాత రోజులకన్నా కాస్త ముందుకి జరిపే వీలుంటుంది. గరిష్ఠ లాగుడు వచ్చిన చోట ఆపండి. నాకింగ్ వచ్చే దాకా జరుపుకుంటూ పోవడం వీరత్వం కాదు, పిస్టన్‌కి చిల్లు.

టైమింగ్ ఎంత పెట్టినా నిలకడగా లేకపోతే టైమింగ్ చైన్ చూడాలి. క్రాంక్ పుల్లీని ముందుకి తిప్పి ఆపి, మెల్లగా వెనక్కి తిప్పుతూ రోటర్ ఎప్పుడు కదులుతుందో గమనించండి. పుల్లీ చాలా దూరం తిరిగాక గానీ రోటర్ కదలకపోతే చైన్ సాగింది. సాగిన చైన్ వల్ల కామ్ షాఫ్ట్ వెనకబడి, సరిగ్గా మనకి కావలసిన కింది ఆర్‌పీఎం లాగుడే తగ్గుతుంది.

అయిదో అడుగు: పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. దీని గురించి భయాలు ఎక్కువ, లెక్క తక్కువ. లెక్క ఇది. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. రెండూ కలిసిన ఇ20కి సుమారు 13.5. కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు, పాత జెట్టుతో (పెట్రోలుని కొలిచి వదిలే రంధ్రం ఉన్న ముక్క) పాత కొలతే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం 8 శాతం దాకా పలచనవుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. పలచని మిశ్రమం అంటే ఎక్కుడు మీద వెనక్కి లాగినట్టుండడం, కార్బొరేటర్‌లోంచి తుమ్మడం, ఇంజిన్ వేడెక్కడం.

దీనికి మందు మెయిన్ జెట్టు ఒక సైజు పెంచడం. సోలెక్స్ (కార్బొరేటర్ కంపెనీ పేరు) జెట్టు మీద అంకె మిల్లీమీటరులో వందో వంతులు: 120 అంటే 1.20 మి.మీ. రంధ్రం. 120 తీసి 125 వేస్తే వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, లోటు సరిగ్గా తీరిపోతుంది. మీ జెట్టు అంకె వేరైనా లెక్క ఇదే.

కానీ ఎత్తు దీనికి ఎదురు తిరుగుతుంది. గాలి పలచబడేకొద్దీ కార్బొరేటర్ మిశ్రమం తనంతట చిక్కబడుతుంది. కోరాపుట్ ఎత్తులో ఇది దాదాపు 4 శాతం. అంటే కోరాపుట్, సెమిలిగుడ, సునాబెడలో తిరిగే బండికి ఇ20 లోటు సగం అక్కడే తీరింది. జెట్టు సైజు పెంచకపోయినా చెల్లిపోవచ్చు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బళ్లకి మాత్రం పెంచాలి. సాలూరులోనో విజయనగరంలోనో ట్యూనింగ్ చేయించి కొండెక్కేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఖాయం చేసుకోవడానికి ప్లగ్గు చూడండి. కొత్త ప్లగ్గులు వేసి, ఎక్కుడు మీద మూడో గేరులో పూర్తిగా నొక్కి కాసేపు లాగించి, అలా లాగుతుండగానే క్లచ్ నొక్కి ఇగ్నిషన్ ఆపేసి పక్కకి తియ్యండి. ఇది ఎక్కేటప్పుడే చెయ్యాలి. దిగేటప్పుడు ఇంజిన్ ఆపడం ప్రాణాపాయం. ప్లగ్గు లోపలి పింగాణీ బిస్కట్ రంగులో ఉంటే సరి. తెల్లగా, పొక్కులతో ఉంటే పలచన. మసిగా ఉంటే చిక్కన.

జెట్లు శుభ్రం చేసేటప్పుడు రాగి వైరు గుచ్చనివ్వకండి. అయిదు వందో వంతుల తేడాకే ఇంత లెక్క ఉన్నప్పుడు వైరుతో గీకిన జెట్టుకి ఇంక అంకె ఏముంటుంది? గాలి కొట్టించండి, అంతే. ఫ్లోట్ లెవెలు, థ్రాటిల్ షాఫ్ట్ అరుగుదల కూడా చూడాలి. షాఫ్ట్ పక్కనుంచి గాలి పీలుస్తుంటే ఐడ్లింగ్ ఎప్పటికీ కుదరదు.

ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ని మెత్తబరుస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు, డయాఫ్రమ్ కిట్ వేయించుకోండి. వానాకాలంలో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తేమ చేరి, ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకి దిగిపోతుంది. అలాంటి పెట్రోలుతో ట్యూనింగ్ మొదలుపెట్టొద్దు; తీసేసి, ట్యాంకులోని జాలీ కడిగి, కొత్తది పోసుకోండి.

ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేవైపు ఉంటాయి, కార్బొరేటర్ ఎగ్జాస్ట్ సెగ మీద కూర్చుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తప్తపాణి ఘాటు మీద బండి ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్టయ్యిందంటే పెట్రోలు పైపులోనే ఆవిరైపోయింది. పంపు మీద తడిగుడ్డ వెయ్యడం అప్పటికప్పుడు గండం గడవడానికి. శాశ్వతంగా అయితే కార్బొరేటర్ కింద మందపాటి ఇన్సులేటర్ ముక్క, ఎగ్జాస్ట్‌కీ దానికీ మధ్య అల్యూమినియం రేకు.

ఊపిరి, వేడి

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌ని తీసి పారేసి ఉత్త నోటితో తిప్పకండి. దామన్‌జోడి వైపు బాక్సైట్ దుమ్ము, ఎర్రమట్టి ఇంజిన్‌లోకి వెళ్తే కొత్త రింగులు కూడా ఏడాది తిరక్కుండా అరిగిపోతాయి. కడిగి కొత్త ఆయిల్ పొయ్యండి. దాని ముక్కు రేడియేటర్ వేడి గాలి పీల్చకుండా బయటి గాలి వైపు తిప్పితే చిన్న లాభం ఉంటుంది. సైలెన్సర్ లోపల రేకు ఊడి అడ్డం పడిందేమో తట్టి చూడండి.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి వెళ్లనివ్వని వాల్వు) తీసేయడం మన మెకానిక్కులకి అలవాటు. అది లేకపోతే కొండ మీద చలికాలంలో ఇంజిన్ వేడెక్కదు. చల్లని ఇంజిన్ పెట్రోలు తాగుతుంది, పవరు ఇవ్వదు, బోరు అరుగుతుంది. బండి వేడెక్కుతోందని దాన్ని తీసేసి ఉంటే అసలు తప్పు రేడియేటర్‌లో ఉంది. రాడ్డింగ్ (రేడియేటర్ గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చెయ్యడం) చేయించి థర్మోస్టాట్ మళ్లీ వెయ్యండి.

ఆరో అడుగు: హెడ్డు విప్పాలా?

ఇప్పటిదాకా చెప్పినవి చేసి ఎక్కుడు మీద సెకన్లు మళ్లీ చూసుకున్నాక, కంప్రెషన్ పరీక్షలో వాల్వులు కారుతున్నాయని తేలితేనే హెడ్డు విప్పండి. విప్పాక వాల్వు గ్రైండింగ్, లాపింగ్ (వాల్వుని సీటు మీద రాపిడి చేసి సరిగ్గా ఆనేలా చెయ్యడం), గైడ్లు, గట్టి సీట్లు అన్నీ ఒకేసారి. లాపింగ్ అయ్యాక హెడ్డు తిరగేసి, ప్లగ్గులు బిగించి, ఛాంబర్లలో కిరోసిన్ పోసి ఓ పావుగంట ఉంచండి. ఒక్క చుక్క కూడా పోర్టులోకి దిగకూడదు. మెషిన్ షాపువాడి మాట కన్నా ఈ పరీక్ష నమ్మదగ్గది.

ఈ హెడ్డుకి మొత్తం అయిదే పోర్టులు: ఇన్‌లెట్ రెండు, ఎగ్జాస్ట్ మూడు. వాటిని పెద్దవి చెయ్యడం నిపుణుల పని. మన వంతు, మానిఫోల్డ్ గ్యాస్కెట్ పెట్టి చూసి పోర్టుల అంచులు ఒకదానికొకటి కలుస్తున్నాయో లేదో చూడటం, పోతలో మిగిలిన గరుకు మెట్లు రాసేయడం. అద్దంలా పాలిష్ చెయ్యక్కర్లేదు.

హెడ్డు కోసి కంప్రెషన్ పెంచమని చాలామంది చెబుతారు. ఎంత లాభమో చూద్దాం. ఒక్కో సిలిండర్ 372 సీసీ. నిష్పత్తి 7.2 అంటే పైన మిగిలే చోటు 60 సీసీ, 8.3 అంటే 51 సీసీ. తొమ్మిది సీసీ తగ్గించాలంటే హెడ్డు రెండు మిల్లీమీటర్లకు పైగానే కొయ్యాలి, అది ప్రమాదం. హై కంప్రెషన్ పిస్టన్లు వేసుకోవడమే సరైన దారి. పోనీ వేశాం, సిద్ధాంతం ప్రకారం వచ్చే లాభం నాలుగున్నర శాతం, అంటే రెండు, రెండున్నర హార్స్‌పవర్. ఎలాగూ పిస్టన్లు మారుస్తుంటే హై కంప్రెషన్‌వే తీసుకోండి. దీనికోసమే బాగున్న ఇంజిన్ విప్పడం దండగ. హెడ్డు వంగి ఉంటే తప్పనిసరి ఫేసింగ్ వరకు చాలు.

ఏడో అడుగు: బోరింగ్

రింగులు, బోరు పోయాయని పరీక్ష తేల్చితే రీబోరు తప్పదు. “బోరు పెరిగితే సీసీ పెరుగుద్ది, పవరు పెరుగుద్ది” అనే మాట సగమే నిజం. 0.040 అంగుళం ఓవర్‌సైజు చేసినా 1,489 కాస్తా 1,531 సీసీ అవుతుంది, మూడు శాతం కూడా కాదు. లాభమంతా కొత్త రింగులు గట్టిగా పట్టడంలో ఉంది. పిస్టన్లు ముందు కొని, వాటిని మెషిన్ షాపుకి ఇచ్చి, వాటికి కొలిచి బోరు చేయించండి. లారీల ఊరు సాలూరులో బోరింగ్ పనికి చెయ్యి తిరిగినవాళ్లకి కొదవలేదు, కాకపోతే వాళ్ల చేతులు డీజిల్ లారీల క్లియరెన్సులకి అలవాటుపడినవి. మీ పిస్టన్ క్లియరెన్సు కాగితం మీద రాసి ఇవ్వండి. సునాబెడ హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో యుద్ధవిమానాల ఇంజిన్ల మీద పనిచేసిన పెద్దమనిషి ఎవరైనా మీ వీధిలో ఉంటే, మైక్రోమీటర్‌తో కొలవడానికి ఆయన్ని తోడు తీసుకెళ్లండి. అంత శ్రద్ధగా కొలిచేవాడు గ్యారేజీలో దొరకడు.

ఇంజిన్ మార్చేద్దామా?

1990ల నుంచి కంపెనీయే అంబాసిడర్‌లో 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజిన్, అయిదు గేర్ల బాక్సు ఇచ్చింది. పవరు 75 దరిదాపుల్లో. పాత బండిలో పెట్టాలనుకుంటే పట్టేది, నప్పేది అదే. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. ఇంజిన్ మార్పిడికి ఆర్టీవో అనుమతి ముందే తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఇంజిన్ కొన్న బిల్లు లేకుండా ఆ పని మొదలే పెట్టకండి. చెక్‌పోస్టు దాటి రోజూ ఆంధ్రాకి వచ్చిపోయే బండికి కాగితం తేడా ఉంటే తలనొప్పే. మీ బండికి యాభై ఏళ్లు నిండి ఉంటే మరోసారి ఆలోచించండి: 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలోనే ఉండాలి. వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదన్నది కూడా తెలుసుకుని నిర్ణయం తీసుకోండి.

చివరి పని

రింగులు మార్చినా, బోరు చేసినా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వెయ్యకండి. అలాగని ముద్దుగా ఒకే వేగంలో నడపడం కూడా తప్పు. కొత్త రింగులు పట్టాలంటే మధ్యమధ్యలో సగం నొక్కుడుతో లాగించి, వదిలి, మళ్లీ లాగించాలి. రాయగడ–పార్వతీపురం రోడ్డు దీనికి బాగుంటుంది. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి, హెడ్డు నట్లు మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌కి మళ్లీ బిగించి, టాపెట్లు మళ్లీ పెట్టండి. హెడ్డు బిగిస్తే గ్యాపులు మారతాయి. అప్పుడు మళ్లీ ఆ ఎక్కుడు ముక్క దగ్గరికే వెళ్లి, అదే బరువుతో, అదే వేళకి సెకన్లు చూసి పుస్తకంలో పాత అంకె పక్కన రాసుకోండి. జెట్టు నంబరు, టైమింగ్ డిగ్రీలు, ఏ బంకులో పెట్రోలు పోయించారో కూడా ఆ పేజీలోనే ఉంటే, మళ్లీ బండి ఎప్పుడైనా మొరాయించినప్పుడు మిస్త్రి మొదటి నుంచీ వెతుక్కోనక్కర్లేదు.